గొలుసు చివర నవ్వు

మైనమక్క చేయి ఖాళీగా ఉండగా చూసినవాళ్ళు లేరు. మైనం బిళ్ళో, ప్లాస్టర్ పెచ్చో, రేపో మాపో ఎవరి నోట్లోకో వెళ్ళాల్సిన ఒంటరి కోరపన్నో ఆ అరచేతిలో ఉండాల్సిందే. ముప్పై ఏళ్ళుగా కట్టుడు పళ్ళు తయారుచేస్తున్న మనిషి. అసలు పేరు ఆసుపత్రి హాజరు పుస్తకంలో ఉంది కానీ, డాక్టరు దగ్గర్నుంచి ఊడ్చే ఆవిడ దాకా అందరికీ ఆమె మైనమక్కే.

ఆసుపత్రి వెనకవైపు, ఎక్స్‌రే గదిని ఆనుకుని ఉంటుంది ఆమె పని గది. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. పెద్ద కిటికీ ఒకటి. కిటికీ పక్కగా, గదికి అడ్డంగా సన్నటి పని బల్ల. బల్లకి ఇవతల ఆమె కుర్చీ, అవతల వచ్చేపోయే వాళ్ళ కోసం ఒక స్టూలు. బల్ల కింద ఆరు సొరుగులు. అయిదింటిలో రంగుల వారీగా, సైజుల వారీగా కొత్త పళ్ళు అట్టలకి అతికించి ఉంటాయి. ఆరో సొరుగులో మాత్రం పళ్ళుండవు. పళ్ళ కోసం చేసిన గళ్ళలోనే, దూది పరుచుకుని, పదకొండు చిట్టి కెమెరాలు పడుకుని ఉంటాయి.

వాటిలో పెద్దది అగ్గిపెట్టెంత. ఒకటి జేబు గడియారంలా గుండ్రంగా ఉంటుంది. ఒకటి సిగరెట్ లైటర్ అనుకుని భర్త ఒకసారి నోటి దగ్గరికి కూడా తెచ్చుకున్నాడు. అన్నీ ఆమె కన్నా వయసులో పెద్దవి. అన్నీ పనిచేస్తాయి. పనిచేయని దాన్ని ఊరికే ఉంచుకోవడం ఆమెకి చేతకాదు. ఒకదానిలో చక్రం పళ్ళు విరిగిపోతే, కట్టుడు పళ్ళకి పోత పోసినట్టే మైనంతో అచ్చు చేసి, లోహం కరిగించి, కొత్త చక్రం పోసుకుంది.

మొదటిది దొరికిన తీరు మాత్రం ఇప్పటికీ కాస్త సిగ్గుపడుతూనే చెబుతుంది. పాత సామాన్ల అంగట్లో, మూతపడిన ఏదో పళ్ళ క్లినిక్ తాలూకు పరికరాల పెట్టె ఒకటి కొన్నది. పటకార్లు, బుల్లి అద్దాలు, గుచ్చి చూసే పుల్లల మధ్య వేలెడంత పొడవున్న వెండిరంగు బద్ద కనబడింది. దానికో సన్నటి గొలుసు. గొలుసు మీద అక్కడక్కడా చిన్న చిన్న గుళ్ళు. రెండు చివర్లు పట్టుకుని లాగితే సాగింది, నొక్కితే మూసుకుంది. పళ్ళ పెట్టెలో దొరికింది కనక పళ్ళదే అయ్యుండాలని ఆమె లెక్క. మూడు రోజులు దాన్ని ప్లాస్టర్ దవడల మీద ఆనించి చూసి, గొలుసు దవడ వంపు కొలవడానికని తేల్చేసింది.

"రెండడుగుల గొలుసు పట్టే దవడ ఎవరిదే? గుర్రానిదా?" అన్నాడు భర్త. బస్సు డ్రైవరుగా చేసి ఈమధ్యే రిటైరైన మనిషి ఆయన. దూరాల సంగతి ఆయనకి తెలుసు.

నాలుగో రోజు గడియారాలు బాగుచేసే అతనికి చూపిస్తే, అతను కంటికి అద్దం పెట్టుకుని చూసి, అద్దం తీసి ఆమెని చూసి, "అమ్మా, ఇది కెమెరా. మూడు రోజులుగా మీరు దవడలకి ఫోటోలు తీస్తున్నారు. లోపల రీలు లేదు కాబట్టి సరిపోయింది" అన్నాడు.

ఆ గొలుసు దేనికో కూడా అతనే చెప్పాడు. ఈ కెమెరాలోంచి చూస్తే బొమ్మ స్పష్టంగా ఉందో లేదో తెలియదు. మనిషి ఎంత దూరంలో ఉన్నాడో మనమే కొలిచి, పైనున్న చిన్న చక్రం తిప్పి దానికి చెప్పాలి. దగ్గరి దూరాలకి గొలుసే కొలబద్ద. ఒక్కో గుండు ఒక్కో దూరం, చివరి గుండు రెండడుగులు. చెప్పిన దూరంలో ఉన్నది గీత గీసినట్టు వస్తుంది. తప్పితే అంతా పొగమంచే.

అలా పట్టుకుంది పిచ్చి. దానికి సరిపోయే రీళ్ళు ఏ దుకాణంలోనూ దొరకవు. అందుకని మామూలు రీలు కొని, చీకట్లో నిలువుగా చీల్చుకోవాలి. అందుకో కత్తి కావాలి. రెండు బ్లేళ్ళని తొమ్మిది మిల్లీమీటర్ల ఎడంతో నిలబెట్టి, కదలకుండా కట్టుడు పళ్ళ గులాబీరంగు ముద్దలో పాతేసింది. "చిగుళ్ళున్న కత్తిని మా ఇంట్లోనే చూడాలి" అని భర్త వచ్చిన వాళ్ళందరికీ చూపించేవాడు. చీల్చిన రీలుని ఎక్స్‌రే గదిలో కడిగేది. నెగటివ్ చూస్తే చిటికెనవేలి గోరంత. దాన్ని ఆరుబయట ఎండలో భూతద్దంతో చూసుకుంటూ, "అబ్బ, కనురెప్పలు కూడా వచ్చాయండీ!" అని అరిచేది.

ఈ కెమెరాలు ఆమె పనికి పనికొస్తాయని మొదట ఆమెకీ తెలియదు. పన్ను తీయించుకోవడానికి వచ్చినవాళ్ళ ముందు పెద్ద కెమెరా ఎత్తితే బిగుసుకుపోతారు. దీన్ని చూపించి "ఒక ఫోటో తీసుకోనా?" అంటే, "ఇదా? ఇది కెమెరానా?" అని నవ్వేస్తారు. ఆ నవ్వే ఆమెకి కావలసింది. నవ్వినప్పుడు పెదవి ఎంత లేస్తుంది, ఏ పన్ను ముందు బయటపడుతుంది, అది తెలిస్తే కట్టుడు పళ్ళు ఆ మనిషివే అన్నట్టు కుదురుతాయి. తెలియకపోతే నోరు నీదీ, నవ్వు ఇంకెవరిదో.

మొదటి కెమెరా దొరికిన ఈ ఇరవై రెండేళ్ళలో ఆమె కెమెరాకి నవ్వని మనిషి ఒక్కతే. ఆమె ఆడపడుచు.

భర్తకి స్వయానా అక్క. పై వాటాలోనే ఉంటుంది. ఊళ్ళో చిన్నపిల్లల బడిలో ఒకటో తరగతి టీచరు. బడిలో ఆమెని పులి టీచరంటారు. కోపిష్ఠి అని కాదు. ఆమె పైవరసలో ఎడమ ముందుపన్ను పక్కదాని మీదికి సగం ఎక్కి, భుజం మీద చెయ్యేసుకున్నట్టు నిలబడి ఉంటుంది. పులి కథ చెప్పేటప్పుడు పై పెదవి ఎడమవైపు ఎత్తి ఆ పన్ను చూపించి "గ్ర్‌ర్" అంటే, పిల్లలు కేరింతలు కొడుతూ బల్లల కింద దూరతారు. ఇన్నేళ్ళలో ఆ పన్ను చూడకుండా రెండో తరగతికి వెళ్ళిన పిల్ల లేదు.

కానీ ఫోటో మాత్రం ఒక్కటి లేదు. పదేళ్ళప్పుడు స్టూడియోలో ఎవరో ఫోటోగ్రాఫరు "ఆ పన్ను కనబడకుండా నోరు మూసుకో పాపా" అన్నాడట. అంతే. అప్పట్నుంచి కెమెరా కనబడితే చాలు, పెదవులు కవరు అంటించినట్టు అతుక్కుపోతాయి. ఇంట్లో ఆల్బం నిండా ఆమె నోరు మూసుకునే ఉంది. బడి ఫోటోల్లోనూ అంతే. మైనమక్క కెమెరాలని ఆమె వెక్కిరించని రోజు లేదు. "బొమ్మలకి ఫోటోలు తీసుకోవడానికటే అవి?" అనేది.

ఆ పళ్ళకే ముప్పు వచ్చింది. చిగుళ్ళు చెడి పైవరసంతా ఊగిసలాడుతోంది. బుగ్గ వాచింది. ఆసుపత్రిలో కొత్తగా చేరిన కుర్ర డాక్టరు చూసి, "ఇంకా ఆలస్యం చేస్తే దవడ ఎముకకి పాకుతుందమ్మా. వచ్చే సోమవారం అన్నీ తీసేద్దాం. రెండు నెలల్లో తెల్లగా, తిన్నగా కొత్త సెట్టు పెట్టేస్తాం" అన్నాడు.

ఆమె తిన్నగా మైనమక్క గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. గొడుగు ముందు నిలబెట్టి, పిడి మీద రెండు చేతులూ వేసింది.

"మైనం, నేను చెప్పేది విను. తిన్నగా ఉండే పళ్ళు నాకొద్దు. ఎవరి నోరో పెట్టుకుని పిల్లల ముందుకి వెళ్ళలేను. నా పన్ను నాకు పెడతానంటే తీయించుకుంటా. లేదా, ఇంకో ఏడాది ఉన్న ఉద్యోగం ఇప్పుడే మానేసి ఇంట్లో కూర్చుంటా."

"పన్ను అక్కడ ఎలా పెట్టాలో నాకు తెలుసు వదినా. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా. కానీ మీరు నవ్వినప్పుడు పెదవి దాన్ని ఎంత వదులుతుందో నాకు కొలత కావాలి."

"అచ్చు తీసుకోవే."

"ఊగే పళ్ళకి అచ్చు తీస్తే అచ్చుతోపాటే ఊడొస్తాయి. అయినా అచ్చులో పళ్ళొస్తాయి కానీ నవ్వెలా వస్తుంది? ఫోటో కావాలి."

వదిన గొడుగు పిడిని ఇటూ అటూ తిప్పింది. "తియ్యి. వద్దనను. కానీ నాకు తెలిసిందంటే నోరు దానంతటదే మూసుకుంటుంది. నా చేతుల్లో లేదు. రోజూ సాయంత్రం బడి నుంచి ఇటే వస్తా. నాకు తెలియకుండా తీసుకో, నీకు చేతనైతే."

ఆ చివరి మాట మైనమక్కకి ముల్లులా గుచ్చుకుంది. అంతకన్నా పెద్దది సోమవారం. ఇవాళ మంగళవారం. సోమవారం దాటితే ఆ నవ్వు ప్రపంచంలో ఎక్కడా ఉండదు.

ముందు భర్త రంగంలోకి దిగాడు. "నీ అగ్గిపెట్టెలెందుకే, ఫోన్ లేదూ?" అని ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు. పేపరు వెనకనుంచి తీశాడు. తలుపు సందులోంచి తీశాడు. పుస్తకాల మధ్య ఫోన్ నిలబెట్టి వీడియో పెట్టాడు.

"ఒరేయ్ తమ్ముడూ, ఆ ఫోన్ పుస్తకాల మధ్యనుంచి నన్నెందుకురా చూస్తోంది?" అంది అక్క, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

నలభై ఫోటోలొచ్చాయి. నలభైలోనూ చెయ్యే.

"ఆ చెయ్యికి గోళ్ళు చాలా బాగా వచ్చాయి" అని ఆయనే ఒప్పుకున్నాడు.

వదిన ఫోన్లని కనిపెట్టగలదు, కళ్ళని కనిపెట్టగలదు. కానీ మైనమక్క చేతిలో ఏముందో ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. ఎవరూ చూడరు. ఆ చేతిలో ఎప్పుడూ ఏదో ఒక బుల్లి వస్తువు ఉండనే ఉంటుంది కదా.

బుధవారం సాయంత్రం వదిన వచ్చేలోపు గొలుసు లాగి, బల్ల ఇవతల తన చేతి దగ్గర్నుంచి స్టూలు మీద మనిషి ముక్కు ఉండేచోటు దాకా సరిగ్గా కొలుచుకుంది. చివరి గుండు, రెండడుగులు. కిటికీ వెలుతురు ఆ మొహం మీదే పడుతుంది. ఆ తర్వాత వెండిరంగు కెమెరాని మైనం బిళ్ళ పట్టుకున్నట్టు పట్టుకుని, దాని పక్కనే నిజం మైనం బిళ్ళ కూడా పెట్టుకుని, పనిలో పడింది.

వదిన వచ్చింది. బడి కబుర్లు చెప్పింది. "ఆవు ఏం ఇస్తుందిరా అంటే ఒకడు లేచి, మా ఇంట్లో ఆవు లేదు టీచర్, మా నాన్నే అన్నీ ఇస్తాడు అన్నాడే" అని, చెబుతూ చెబుతూ తనే ముందు నవ్వేసింది. ఆమె నవ్వు ఎప్పుడూ మాట పూర్తికాకముందే వచ్చేస్తుంది. మైనమక్క వేలు కదిలింది. నాలుకతో పంటిని తాకినంత చప్పుడు. వదినకి వినబడలేదు. ఆ సాయంత్రం మూడుసార్లు నవ్వింది. ఆరు బొమ్మలు.

గురువారం మధ్యాహ్నం ఎక్స్‌రే గది ఖాళీ కాగానే రీలు కడిగి, కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూసింది.

ఆరు బొమ్మల్లోనూ గొడుగు ఉంది. గొడుగు పిడి మీది నగిషీ గీతలు లెక్కపెట్టుకోవచ్చు. పిడి మీది వేళ్ళు, వేళ్ళ కణుపులు, అన్నీ అద్దంలో చూసినట్టున్నాయి. వాటి వెనక, వదిన మొహం ఉండాల్సిన చోట, ఒట్టి పొగ.

అప్పుడే క్యారియరు తెచ్చిన భర్త కూడా భూతద్దంలోంచి చూశాడు. "గొడుగు మాత్రం హాయిగా నవ్వుతోందే" అన్నాడు. మైనమక్క నవ్వకపోయేసరికి ఆయన గొంతు తగ్గించాడు. "ఎక్కడ పొరపాటు జరిగింది?"

"కొలత సరిగ్గానే ఉందండీ. గొలుసు పెట్టి కొలిచాను. అంగుళం తేడా లేదు."

"మరి?"

ఆమె కెమెరాని తెరుస్తూ మూస్తూ ఆలోచించింది. తర్వాత నెమ్మదిగా, "వదిన కూర్చునే చోటు కొలిచాను. వదిన నవ్వే చోటు కొలవలేదు" అంది.

వదిన నవ్విందంటే కదలకుండా నవ్వే రకం కాదు. ఒళ్ళంతా వెనక్కి విసురుకుని, పైకప్పుకి చెబుతున్నట్టు నవ్వి, మళ్ళీ ముందుకి వస్తుంది. ఎంత వెనక్కి? ఎవరికి తెలుసు? గొలుసు పట్టుకుని నవ్వుతున్న మనిషి ముక్కు దగ్గరికి వెళ్ళలేదు కదా.

మైనమక్క చూపు మెల్లగా భర్త మీదికి తిరిగింది. ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్ళు. అదే నుదురు, అదే ముక్కు. ఆయనా నవ్వితే అంతే. బస్సు నడిపే రోజుల్లో కండక్టరు జోకులకి సీట్లో వెనక్కి పడిపోయేవాడని పేరు.

"ఏవండీ, ఆ స్టూలు మీద కూర్చోండి."

"ఎందుకు?"

"నవ్వండి."

"ఎందుకు నవ్వాలే?"

"మీరు నవ్వితే మీ అక్క ఉద్యోగం నిలబడుతుంది."

ఆయన కూర్చున్నాడు. గొడుగు లేదని చీపురు పట్టుకున్నాడు. "హ హ" అన్నాడు. అది దగ్గులా వచ్చింది. మళ్ళీ అన్నాడు. డాక్టరు పక్కగదిలోంచి తొంగిచూసి, "ఏమైనా నొప్పిగా ఉందా సార్?" అని అడిగి వెళ్ళాడు. మైనమక్క ఒక కన్ను మూసి, గొలుసు ఒక చివర పళ్ళతో పట్టుకుని, రెండో చివర ఆయన ముక్కు మీద ఆనించి, యుద్ధానికి వెళ్తున్నంత గంభీరంగా ఉంది. ఆ మొహం చూసేసరికి ఆయనకి ఆగలేదు. చీపురుతో సహా వెనక్కి విరుచుకుపడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. గొలుసు చివరి గుండుకీ ఆయన ముక్కుకీ మధ్య ఖాళీలో మైనమక్క చెయ్యి పెట్టింది. సరిగ్గా ఒక జానెడు. మళ్ళీ నవ్వించింది. జానెడే. మూడోసారి, అదే జానెడు.

"కెమెరాకి కొత్త దూరం చెప్పేస్తే సరిపోదూ?" అన్నాడాయన ఊపిరి తీసుకుంటూ.

"వద్దు. మొహం చిన్నదైపోతుంది. నాకు పన్ను కావాలి. కెమెరా రెండడుగుల దగ్గరే ఉండాలి. స్టూలే ముందుకి రావాలి."

స్టూలు జానెడు ముందుకి జరిపింది. అయితే వదిన కూర్చోబోతూ స్టూలుని తనకి అలవాటైన చోటికి లాక్కుంటుంది. అందుకని పళ్ళని ప్లాస్టరుకి అతికించే బంక మైనం కరిగించి, నాలుగు కాళ్ళ కిందా పోసి, నేలకి అతికించేసింది.

శుక్రవారం వదిన రాలేదు. బడిలో సమావేశం. ఆ సాయంత్రం మైనమక్క ఖాళీ స్టూలు ముందు కూర్చుని ఒక్క పన్ను కూడా అమర్చలేకపోయింది.

శనివారం మబ్బు పట్టింది. మధ్యాహ్నం దాకా ఆమె కిటికీలోంచి ఆకాశాన్నే తిడుతూ కూర్చుంది. మూడున్నరకి మబ్బు విచ్చుకుంది. నాలుగింటికి వదిన వచ్చింది. బుగ్గ ఇంకాస్త వాచి ఉంది. మాట నీరసంగా ఉంది. వెనకాలే, ఏమీ తెలియనట్టు మొహం పెట్టుకుని తమ్ముడు.

వదిన స్టూలు లాగబోయింది. కదల్లేదు. గట్టిగా లాగింది. కదల్లేదు.

"ఏమే, దీనికి వేళ్ళు మొలిచాయా?"

"నేల తడిగా ఉండి పట్టేసినట్టుంది వదినా. అలాగే కూర్చోండి" అంది మైనమక్క, చేతిలోని మైనం బిళ్ళ వంక చూస్తూ.

వదిన కూర్చుంది. గొడుగు నిలబెట్టింది. తమ్ముడు తన భార్య వంక చూశాడు, గొడుగు వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఒక జోకు చెప్పనా?"

"నువ్వా?"

"ఒక బస్సు ఉందక్కా. ఆ బస్సులో ఒకాయన ఎక్కాడు. ఎక్కి... కాదు, దిగాడు. ముందు దిగాడు. కాదు కాదు, ఆయన దిగాలంటే ముందు ఎక్కాలి కదా..."

"ఒరేయ్, నలభై ఏళ్ళు బస్సు నడిపావు, ఒక్కణ్ణి ఎక్కించి దింపలేకపోతున్నావురా!"

"ఉండక్కా, కంగారు పెట్టకు. కండక్టరు ఏమన్నాడంటే..."

"చిన్నప్పుడూ ఇంతేనే వీడు" అంది అక్క మైనమక్కతో. "బడిలో నాటకం. వీడిది చెట్టు వేషం. ఒక్క మాట లేదు. ఊరికే నిలబడాలి. నిలబడి నిలబడి, మధ్యలో రాజుగారు ఏడుస్తుంటే, ఈ చెట్టు వేదిక దిగొచ్చి 'అక్కా, ఒంటికి...'"

పూర్తిచేయలేదు. నవ్వు ముందే వచ్చేసింది. నీరసం, వాపు, సోమవారం అన్నీ మరిచిపోయి, గొడుగు వదిలేసి, ఒళ్ళంతా వెనక్కి విసిరి నవ్వింది. గొడుగు కిందపడింది. మైనమక్క వేలు కదిలింది. తర్వాతి బొమ్మకి కెమెరా లాగి, మూసి, మళ్ళీ కదిలింది. తొమ్మిదిసార్లు.

వదిన కళ్ళు తుడుచుకుని గొడుగు తీసుకుంది. "ఇవాళ్టితో సరి. సోమవారం వీటికి సెలవు. తీశావా ఎప్పుడైనా?"

"ఏమో వదినా. కడిగితే కానీ చెప్పలేను."

"ఎప్పుడు తీశావే?" అని ఆమె బల్లంతా వెతికింది. బల్ల మీద మైనం బిళ్ళలు తప్ప ఏమీ లేవు. రెండు బిళ్ళల మధ్య వెండిరంగు బద్ద ఒకటి ఉంది. దాన్ని చూసింది కూడా, కానీ చూడలేదు.

ఆదివారం పొద్దున్నే ఆసుపత్రి తాళం తీయించుకుని మైనమక్క ఎక్స్‌రే గదిలో దూరింది. భర్త తలుపు బయట కాపలా. గంట తర్వాత లోపల్నుంచి ఒక కేక వినబడింది. ఆయన కంగారుగా తలుపు తీయబోయి, వెలుతురు పడుతుందని గుర్తొచ్చి, తలుపుకి నోరు ఆనించి అడిగాడు.

"ఏమైందే? మళ్ళీ గొడుగేనా?"

"గొడుగు లేదండీ! నవ్వే ఉంది!"

తొమ్మిదిలో మూడు కదిలిపోయాయి. అయిదు పర్వాలేదు. ఒక్కటి మాత్రం కనురెప్ప వెంట్రుకలతో సహా వచ్చింది. నెగటివ్ మీద ఆ నోరు బియ్యపు గింజలో సగం లేదు. అయినా భూతద్దం కింద పన్ను పన్నూ విడివిడిగా నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుగా ఎదురుగా చూస్తున్నా మైనమక్కకి తెలియని సంగతి అందులో కనబడింది. వదిన నవ్వు సమానంగా లేవదు. కుడివైపు రెండు పళ్ళు చూపించి ఆగిపోతుంది. ఎడమవైపు నాలుగో పన్ను దాకా పైకి పాకుతుంది. తెర ఒకవైపే ఎత్తినట్టు. ఆ ఎత్తిన చోటే పులి పన్ను.

సోమవారం పొద్దున్న వదిన చేతిలో ఆ బొమ్మ పెట్టి, గొలుసు సంగతీ గొడుగు సంగతీ చెప్పింది. అరచేయంత ప్రింటు. వదిన ఒక్కసారి చూసి బోర్లా తిప్పేసింది. మళ్ళీ తిప్పి చూసింది. "ఇలా ఉంటానటే నేను?" అంది. ప్రింటు సంచీలో వేసుకుని, డాక్టరు కుర్చీలోకి తనంతట తానే వెళ్ళి కూర్చుంది.

రెండు నెలలు చిగుళ్ళు మానడానికి. ఆ రెండు నెలల్లో మైనమక్క ఆ బొమ్మని పెద్దది చేసింది. వదిన రెండు కంటిపాపల మధ్య దూరం కొలుచుకుని, ప్రింటులో కూడా అంతే దూరం వచ్చేదాకా పెంచింది. అప్పుడు ప్రింటులోని పన్ను అసలు పన్ను కొలతే. దాని పక్కన మైనం దవడ పెట్టుకుని, ఒక్కో పన్నూ అమర్చింది. అట్ట మీది కొత్త పళ్ళన్నీ బడిపిల్లల్లా బుద్ధిగా వరసలో నిలబడతామంటాయి. ఒకదాన్ని అరగదీసి, తిప్పి, పక్కదాని భుజం మీదికి ఎక్కించింది. వయసు తెచ్చిన పసుపు కలిపింది. పన్ను మీద వెంట్రుకంత గోధుమరంగు గీత కూడా వదల్లేదు.

డాక్టరు చూసి అదిరిపడ్డాడు. "అక్కా, ఇదేంటి? ముందుపన్ను వంకరగా వచ్చింది! ఇది పెట్టుకుని ఆవిడ బయటికెళ్తే మన ఆసుపత్రి పరువేం కాను?"

మైనమక్క ప్రింటు తీసి దవడ పక్కన నిలబెట్టింది. డాక్టరు ఇది చూశాడు, అది చూశాడు. వంగి చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చుని చూశాడు.

"ఈ ఫోటో ఏ కెమెరాతో తీశారు?"

ఆమె ఆరో సొరుగు తెరిచి వెండిరంగు బద్ద తీసి చూపించింది. అతను రోజూ దాటిపోయే బల్ల అది. "నేనింతకాలం ఇది పళ్ళ కొలబద్ద అనుకున్నానక్కా" అన్నాడు.

"మొదట నేనూ అలాగే అనుకున్నా డాక్టరు గారూ" అంది మైనమక్క, ముసిముసిగా నవ్వుతూ. "ఇప్పుడు నిజంగానే అయ్యింది."

వదిన కొత్త పళ్ళు పెట్టుకుని అద్దం అడిగింది. పెదవి మూసింది, తెరిచింది. ఎడమవైపు ఎత్తి, తనలో తాను మెల్లగా "గ్ర్‌ర్" అంది. తర్వాత అద్దం బల్ల మీద పెట్టి, "రేపు బడికి వెళ్తున్నా. నువ్వూ రా" అంది.

మర్నాడు ఒకటో తరగతిలో వెనక బల్ల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుంది మైనమక్క. పెద్దవాళ్ళని నమ్మించవచ్చు. ఈ ముప్పైమంది కళ్ళు వేరు. టీచరులో బొట్టంత మార్పు వచ్చినా లేచి నిలబడి చెబుతారు.

పులి కథ మొదలైంది. పులి అడవిలో తిరిగింది, ఆకలేసింది, పొద వెనక నక్కింది. వదిన గొంతు తగ్గించింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. పెదవి ఎడమవైపు లేచింది. పన్ను బయటికొచ్చింది. "గ్ర్‌ర్!"

ముప్పైమందీ కెవ్వున అరిచి బల్లల కింద దూరారు. ఒకళ్ళూ ఏమీ గమనించలేదు. మైనమక్క ముప్పై ఏళ్ళ పనిలో ఇంతకన్నా గొప్ప మెప్పు లేదు.

బల్ల కిందనుంచి ఒక పిల్ల తల మాత్రం బయటపెట్టింది. రెండు జడలు, ముందు పళ్ళు రెండూ ఊడిన నోరు. "టీచర్, రెండు నెలలు మీరెక్కడికెళ్ళారు? పులి పన్ను నూరుకోవడానికా?"

వదిన నవ్వేసింది. ఒళ్ళంతా వెనక్కి విసిరి, తెర ఒకవైపే ఎత్తినట్టు. అదే జానెడు. నవ్వుతూనే వెనక బల్ల వైపు చూసింది. మైనమక్క లేచి నిలబడింది. చేతిలో వెండిరంగు కెమెరా. ఈసారి మైనం బిళ్ళ అడ్డం లేదు. అందరికీ కనబడేలా, కంటి దగ్గర పెట్టుకుని ఉంది.

వదిన చెయ్యి అలవాటుగా నోటి వైపు లేచింది. సగంలో ఆగింది. ఆ చేత్తోనే మైనమక్కని దగ్గరికి రమ్మని పిలిచింది.

"అంత దూరం నుంచేంటే? గొలుసు తెచ్చావా లేదా?"

"తెచ్చాను వదినా."

"మరి కొలుచుకో. మళ్ళీ గొడుగు తీస్తావు."

గొలుసు చివరి గుండు తనే అందుకుని, వెనక్కి వాలి, ముక్కు మీద ఆనించుకుంది పులి టీచరు. నోరు బార్లా తెరిచే ఉంది. పిల్లలంతా బల్లల కిందనుంచి బయటికొచ్చి, గొలుసుకి రెండు పక్కలా చేరి, గుళ్ళు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.